కంటికి గాలొక్కటే చాలదు!

రాత్రి పదకొండు దాటింది. హైదరాబాదు శివార్లలో ఓ పాత బంగళా. పొగ మిషను బుసబుసమంటూ పొగ కక్కుతోంది. లైట్ల వేడికి అందరికీ చెమటలు. మెట్ల మీంచి దయ్యం దిగాలి. దిగాల్సిన దయ్యం మాత్రం మేకప్ కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది!

పాతికేళ్లు నిండని అమ్మాయి. చిన్నా చితకా వేషాలు వేస్తూ వస్తోంది. తెల్లచీర, విరబోసిన జుట్టు, రెండు కళ్లలోనూ తెల్లగోలీల్లాంటి లెన్సులు. టైటిల్సులో పేరు పడబోయే పాత్ర ఆమెకిదే మొదటిది.

"ఎంతసేపైందమ్మా అవి పెట్టుకుని?" అనడిగాను.

"సాయంత్రం ఆరింటికి పెట్టిండ్రు సార్. షూటింగు తెల్లారేదాంక ఉంటది. ఏం గాదు. ఇవి ఆక్సిజన్ లెన్సులంట. పెట్టుకొని పండుకున్నా ఏం గాదంట."

ఆ "అంట" దగ్గర నా గుండె కలుక్కుమంది. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే మూడేళ్ల కిందట ఓ కళ్లద్దాల షాపులో నేనూ విన్నాను. విన్నాను, నమ్మాను, దానికి గుర్తుగా నా ఎడమ కంట్లో ఆవగింజలో సగముండే తెల్లమచ్చ ఒకటి మిగుల్చుకున్నాను. ఆ కథ తర్వాత. ముందు ఈ "ఆక్సిజన్ లెన్సు" కథేమిటో చూద్దాం. ఇందులో సైన్సుంది, సినిమా ఉంది, మన తెలుగువాళ్ల ప్రమేయమూ ఉంది.

వెండితెర మీది కళ్లకి వెనకాల ఎంత బాధ ఉంటుందో ఈ మధ్య అందరికీ తెలిసొచ్చిన సంఘటన 2024 జులైలో జరిగింది. ఢిల్లీలో ఒక కార్యక్రమానికి వెళ్లిన టీవీ తార జాస్మిన్ భసీన్ లెన్సులు పెట్టుకోగానే కళ్లు మండడం మొదలైంది. ఒప్పుకున్న పని కదా అని నల్లకళ్లజోడు పెట్టుకుని కార్యక్రమం పూర్తి చేసింది. కాసేపటికి చూపు ఆనడం మానేసింది. కార్నియాలు దెబ్బతిన్నాయన్నారు డాక్టర్లు. రెండు కళ్లకీ కట్లు కట్టారు. ఈ సంగతులన్నీ ఆమే పత్రికలకు చెప్పింది. అదృష్టం, కోలుకుంది.

ఇంతకీ ఏమిటీ కార్నియా?

నెత్తురు లేని కిటికీ

వాచీకి ముందు అద్దం ఉంటుంది చూశారూ, నల్లగుడ్డుకు ముందు అలాంటి పారదర్శకమైన పొర ఒకటుంటుంది. అదే కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. వెలుతురు లోపలికి పోవాలంటే అది తేటగా ఉండాలి. తేటగా ఉండాలంటే అందులో రక్తనాళాలు ఉండకూడదు. అందుకే ప్రకృతి అక్కడ నెత్తుటి చుక్క లేకుండా జాగ్రత్త పడింది.

నెత్తురు లేకపోతే మరి ఆక్సిజన్ ఎలా? నేరుగా గాలిలోంచే! గాలిలోని ఆక్సిజన్ కన్నీటి పొరలో కరిగి కార్నియాలోకి దిగుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే మన కన్ను ముక్కుతో పని లేకుండా తన ఊపిరి తనే పీల్చుకుంటుంది. నిద్రపోయినప్పుడు రెప్పల లోపలి వైపున్న రక్తనాళాలే దిక్కు. అప్పుడు అందేది మెలకువగా ఉన్నప్పటిలో సుమారు మూడో వంతు. అందుకే లెన్సుల ఊసే లేనివాళ్లకీ రాత్రి నిద్రలో కార్నియా మూడు నాలుగు శాతం ఉబ్బుతుంది. లేచి కళ్లు తెరిచాక కాసేపటికి సర్దుకుంటుంది.

ఈ కిటికీకి ఇప్పుడు మనం ఓ మూత వేశామనుకోండి. ఏమవుతుంది? ఆక్సిజన్ చాలక పై కణాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. అది నీటిని లోపలికి లాగుతుంది. కార్నియా ఉబ్బి మసకబారుతుంది. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. నెలల తరబడి ఇదే తంతయితే అంచుల్లోంచి సన్నటి రక్తనాళాలు లోపలికి పాకడం మొదలెడతాయి. కరువొచ్చిన చేనుకి కాలవ తవ్వినట్టు, ఊపిరి కోసం కన్ను చేసే ఆఖరి ప్రయత్నమన్నమాట. కానీ కాలవ వచ్చిందంటే కిటికీ పాడైనట్టే.

క్రిస్మస్ పూట బొమ్మల పెట్టెతో

మొదటి కాంటాక్టు లెన్సులు గాజువి. పందొమ్మిదో శతాబ్దం చివర తయారయ్యాయి. గంటో రెండు గంటలో ఓర్చుకుంటే గొప్ప. తర్వాత 1940ల్లో గట్టి ప్లాస్టిక్ లెన్సులొచ్చాయి. వాటిలోంచి ఆక్సిజన్ బొత్తిగా పోదు. చిన్నవి కాబట్టి, రెప్ప వేసినప్పుడల్లా కదిలి అడుగునున్న కన్నీరు మారుతూ ఉండబట్టి సరిపోయేది. సినిమావాళ్లు వాటినీ వదల్లేదు. 1958లో వచ్చిన డ్రాక్యులా చిత్రంలో క్రిస్టఫర్ లీ ఎర్రటి కళ్లు చూసి జనం జడుసుకున్నారే, ఆ కళ్లు లెన్సుల మహిమే.

మెత్తటి లెన్సు పుట్టుక మాత్రం అచ్చం సినిమా కథలాగే ఉంటుంది. చెకొస్లొవేకియాలో ఓటో విఖ్‌తెర్లే అనే రసాయన శాస్త్రవేత్త. నీటిని పీల్చుకుని మెత్తబడే ప్లాస్టిక్‌ని తన సహచరుడు ద్రహొస్లావ్ లీమ్‌తో కలిసి తయారు చేశాడు. దాంతో లెన్సులు పోద్దామంటే యంత్రం లేదు. 1961లో క్రిస్మస్ పండగనాడు ఇంట్లో భోజనాల బల్ల మీదే పని మొదలెట్టాడు. పిల్లలు బిగించుకుని ఆడుకునే ఇనప బొమ్మల పెట్టె, సైకిలు డైనమో... వీటితో గిరగిరా తిరిగే మిషను ఒకటి కట్టాడు. అందులోంచే వాడదగ్గ తొలి మెత్తటి లెన్సులు బయటికొచ్చాయి! ఆ హక్కులు చేతులు మారి అమెరికా చేరాయి. 1971లో అక్కడి ప్రభుత్వం అమ్మకానికి అనుమతిచ్చింది.

కంట్లో ఉన్నట్టే తెలియని లెన్సు! జనం ఎగబడ్డారు. కానీ ఓ చిక్కుంది. ఈ రకం లెన్సులో ఆక్సిజన్ ప్రయాణించేది అందులోని నీటి ద్వారానే. ఎక్కువ ఆక్సిజన్ కావాలంటే ఎక్కువ నీరుండాలి. నీరెక్కువైతే లెన్సు చిరుగుతుంది, లేదా దళసరిగా చెయ్యాలి. దళసరి చేస్తే ఆక్సిజన్ తగ్గుతుంది. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి. పైగా కన్ను మొత్తాన్నీ కప్పేసే పెద్ద లెన్సు కావడంతో అడుగున కన్నీరు మారేదీ తక్కువే.

అయినా 1981లో అమెరికాలో కొన్ని లెన్సులకి నెల్లాళ్లు తియ్యకుండా ఉంచుకోవచ్చని అనుమతిచ్చారు. ఫలితం తెలియడానికి ఎన్నాళ్లో పట్టలేదు. పొద్దున్నే ఎర్రటి కళ్లు, ఉబ్బిన కార్నియాలు, పుళ్లు.

ఎల్వీ ప్రసాద్ గారి ఊసెందుకంటే...

అసలు కంటికి ఎంత ఆక్సిజన్ కావాలి? ఈ ప్రశ్నకి 1984లో లెక్క కట్టి చెప్పినవాడు ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్. జార్జి మెర్ట్జ్ అనే ఆయనతో కలిసి చేసిన పరిశోధన అది. లెన్సు ఎంత ఆక్సిజన్‌ని పోనిస్తుందో చెప్పడానికి శాస్త్రజ్ఞులకి ఒక కొలత ఉంది. ఆ కొలతలో పగటిపూట వాడకానికి కనీసం 24, రాత్రి నిద్రలో ఉంచుకోవాలంటే కనీసం 87 ఉండాలన్నారు వాళ్లు. ఆనాటి మెత్తటి లెన్సుల్లో చాలావాటికి ముప్పై దాటడమే గగనం! ఆ తర్వాత 1999లో మరికొందరు పరిశోధకులు రాత్రికి 87 కూడా చాలదు, 125 కావాలన్నారు.

ఈ హోల్డెన్ గారికి హైదరాబాదుతో దగ్గరి సంబంధం. ఆ సంబంధానికి మూలం ఎక్కడుందో తెలిస్తే సినిమా అభిమానులు సంతోషిస్తారు. "సంసారం", "మిస్సమ్మ" చిత్రాల దర్శకులు, మన తొలి టాకీల్లో వేషాలు వేసిన పెద్దాయన ఎల్.వి. ప్రసాద్ గారు సినిమాల్లో సంపాదించిన దాంట్లోంచి భూమీ, ధనమూ విరాళమిస్తే, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారి ఆధ్వర్యంలో 1987లో హైదరాబాదులో కంటి ఆసుపత్రి వెలిసింది. హోల్డెన్ ఆ సంస్థతో ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. నిద్రలోనూ ఉంచుకునే లెన్సుల మీద 1990ల్లో జరిగిన ముఖ్యమైన పరీక్షలు కొన్ని అక్కడే జరిగాయి. లెన్సులు పెట్టుకుని పరీక్షలకు కళ్లప్పగించినవాళ్లు మన హైదరాబాదువాళ్లే! 2015లో హోల్డెన్ కన్నుమూశారు. అక్కడి ఆప్టోమెట్రీ కళాశాలకి ఇప్పుడు ఆయన పేరే.

చిక్కుముడి విప్పింది సిలికాన్. ఆక్సిజన్‌కి నీటికంటే సిలికాన్ మంచి దారి. కాకపోతే దానికి నీళ్లంటే గిట్టదు. కంట్లో అంటుకుపోతుంది, జిడ్డు పట్టేస్తుంది. సిలికాన్‌నీ నీరు పీల్చే ప్లాస్టిక్‌నీ ఒకదాంట్లో ఒకటి అల్లి, ఉపరితలాన్ని తడి నిలిచేలా తీర్చిదిద్ది 1990ల చివర్లో కొత్తరకం లెన్సులు విడుదల చేశారు. సిలికాన్ హైడ్రోజెల్ అని వాటి పేరు. మన షాపులవాళ్ల నోట "ఆక్సిజన్ లెన్సు"గా మారింది ఇదే. ఆక్సిజన్ కొలత కొన్నిటిలో నూరు దాటింది, ఒకదాంట్లో 175కి చేరింది. 2001లో అమెరికాలో మళ్లీ నెల రాత్రుల అనుమతి వచ్చింది.

లాభం లేదా అంటే, ఉంది, చాలా ఉంది. పగలు పెట్టుకునేవాళ్లలో కంటి అంచుల ఎరుపు తగ్గింది. ఉబ్బు తగ్గింది. లోపలికి పాకిన నాళాలున్నవాళ్లు ఈ రకానికి మారితే వాటిలో నెత్తురు తగ్గి ఖాళీ గొట్టాల్లా మిగిలాయి. గాలి సమస్య దాదాపుగా తీరిందనే చెప్పాలి.

అక్కడితో కథ సుఖాంతం కావాలి కదా? కాలేదు. అసలు మలుపు ఇంటర్వెల్ తర్వాతే ఉంది.

కిటికీ సరే, చీపురేదీ?

1989లో అమెరికాలో ఒక లెక్క తేల్చారు. మెత్తటి లెన్సులు పగలు మాత్రమే వాడేవాళ్లలో ఏడాదికి పదివేల మందిలో సుమారు నలుగురికి సూక్ష్మజీవులవల్ల కార్నియా పుండు వస్తోంది. రాత్రి కూడా ఉంచుకునేవాళ్లలో? సుమారు 21 మందికి! ఆ ఏడే నెల్లాళ్ల అనుమతిని వారానికి కుదించమన్నారు. అందరూ ఏమనుకున్నారు? ఆక్సిజన్ చాలక కన్ను నీరసించింది కాబట్టి క్రిములు దాడి చేస్తున్నాయి, గాలి ఆడే లెన్సులొస్తే ఈ బెడద తీరుతుంది అనుకున్నారు.

గాలి ఆడే లెన్సులొచ్చాయి. 2008లో ఆస్ట్రేలియా లెక్కలు వెలువడ్డాయి. రాత్రి కూడా ఉంచుకునేవాళ్లలో పాతరకం మెత్తటి లెన్సులకి పదివేలకి 19.5 మంది. కొత్త ఆక్సిజన్ లెన్సులకి 25.4 మంది! ఆ రెండంకెల మధ్య తేడాకి పెద్ద అర్థం లేదు. అర్థమల్లా ఇదే. తగ్గుతుందనుకున్నది తగ్గలేదు. అదే లెక్కల్లో పాతరకం మెత్తటివే పగలు మాత్రం వాడి రాత్రి తీసేసినవాళ్లు 1.9 మంది.

ఎందుకిలా? ఈ ప్రశ్నకి జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఆసుపత్రి కుర్చీలో దొరికింది.

మూడేళ్ల కిందట ఓ వ్యాసం పని మీద రాజమండ్రి బయల్దేరాను. రాత్రి బస్సు. లెన్సులు తీద్దామంటే బస్సు కుదుపులు, చేతులు కడుక్కునే వీలు లేదు. "ఆక్సిజన్ లెన్సు సార్, నిశ్చింతగా పడుకోండి" అన్న షాపతని మాట గుర్తొచ్చింది. పడుకున్నాను. అప్పటికది నాలుగోసారో ఐదోసారో. ఏమీ కాలేదు కదా అన్న ధీమా.

తెల్లారి దిగేసరికి ఎడమ కంట్లో ఇసక పోసినట్టుంది. మధ్యాహ్నానికి ఎండలోకి చూడలేకపోయాను. నీరు ధారలు కట్టింది. ఇంట్లో అంతకుముందు ఎవరికో రాసిన చుక్కల మందు ఉంటే వేసుకుందామనుకున్నాను. మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ రోజు ఆమె ఆపకపోయి ఉంటే ఈ వ్యాసం ఒంటికన్నుతో రాసేవాణ్ణేమో. కొన్ని చుక్కల మందుల్లో స్టిరాయిడ్ ఉంటుంది. పుండు మీద అది పడితే అగ్నికి ఆజ్యం పోసినట్టేనట.

కంటి డాక్టరమ్మగారు దీపం పెట్టి చూశారు. కార్నియా మీంచి కాస్త గీకి పరీక్షకి పంపారు. గంటగంటకీ చుక్కలు, రాత్రిళ్లు కూడా అలారం పెట్టుకుని మరీ. మూడోనాటికి నొప్పి తగ్గాక ధైర్యం చేసి అడిగాను.

"ఆక్సిజన్ బాగా పోతుందనే కదండీ కొనుక్కున్నాను. మరి ఎందుకొచ్చింది డాక్టరుగారూ?"

ఆవిడ నవ్వారు. "ఇంటికి పెద్ద కిటికీ పెట్టించారు బాబూ, బాగానే ఉంది. చీపురు మాత్రం అటక మీద పడేశారు. గాలి వస్తే దుమ్ము దానంతటదే పోతుందా?"

తర్వాత విడమరిచి చెప్పారు. కన్నీరుందే, అది ఉత్త నీరు కాదు. క్రిముల్ని చంపే పదార్థాలు అందులో ఉంటాయి. రెప్ప వేసినప్పుడల్లా ఆ నీటితో కన్ను కడిగి ఊడుస్తుంది. అదీ చీపురు. నిద్రలో రెప్ప ఆడదు. లెన్సు కింద నీరు కదలదు. అంచులకో, డబ్బాకో, వేలికో అంటిన క్రిములు లెన్సు మీద కాపురం పెట్టి, కార్నియాకి అతుక్కుని తెల్లార్లూ తీరిగ్గా పనిచేసుకుంటాయి. వాటిలో సూడోమొనాస్ అనేది ఒకటుంది, ఒకటి రెండు రోజుల్లో కార్నియాని కరిగించెయ్యగలదు. కుళాయినీటిలో ఉండే అకంతమీబా అనే మరో జీవి వచ్చిందంటే నెలల తరబడి వైద్యం. ఆక్సిజన్ ఎంత పోసినా ఇవేవీ చావవు.

"మీ మచ్చ పక్కకి ఉంది కాబట్టి బతికిపోయారు. నడిమధ్యన పడి ఉంటే అక్షరాలు అలికినట్టు కనపడేవి" అన్నారావిడ చివర్న. రాతతో బతికేవాణ్ణి. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

షూటింగుల్లో జరిగేది

ఇక సినిమాల సంగతి. తెర మీద నీలికళ్లు, పిల్లికళ్లు, దయ్యపు కళ్లు చూసి చప్పట్లు కొడతాం. రంగు లెన్సుల్లో చాలావాటి పదార్థం ఇప్పటికీ పాత మెత్తటి రకమే. ఆపైన రంగు పొర. ఆక్సిజన్ లెన్సన్న మాట వాటికి చాలాసార్లు వర్తించదు. పవరు లేనిది కదా, బొట్టుబిళ్లలాంటిదే అనుకుంటారు. కాదు. కంటికి తగిలే ఏ లెన్సయినా కొలత చూసి అమర్చాల్సిందే. అమెరికాలో 2005 నుంచి అలంకారపు లెన్సులక్కూడా డాక్టరు చీటీ తప్పనిసరి చేస్తూ చట్టమే ఉంది.

దానికి తోడు సెట్లో పొగ, దుమ్ము, లైట్ల వేడి. కెమెరా ముందు రెప్ప వెయ్యకుండా నిలబడాలి. కన్ను ఎండిపోతుంది. ఎండిన లెన్సు కార్నియాని రాస్తుంది. గీత పడితే క్రిములకి తలుపు తీసినట్టే. నేను చూసిన ఒకట్రెండు చోట్ల అంతకంటే ఘోరం కూడా జరిగింది. లెన్సు మీద మంచినీళ్ల సీసాలోంచి నాలుగు చుక్కలు! నిన్న ఒకరు పెట్టుకున్నది ఇవాళ ఇంకొకరికి! సీసాలో నీళ్లు మనకి తాగడానికి శుభ్రమే, లెన్సుకి కాదు.

కాబట్టి చదువరులు నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు. చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోనిదే లెన్సు ముట్టుకోకండి. నీళ్లు, ఉమ్మి దాని దరికి రానివ్వకండి. స్నానానికీ, ఈతకీ, నిద్రకీ ముందు తీసెయ్యండి. డబ్బాలో పాత ద్రావణం పారబోసి ప్రతిసారీ కొత్తది పొయ్యండి, మూణ్నెల్లకోసారి డబ్బాయే మార్చండి. వీలైతే ఏరోజు లెన్సు ఆరోజు పారేసే రకం కొనండి. వాటితోనూ పుండు రాదని కాదు, డబ్బా గొడవ తప్పుతుంది. ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక... ఈ నాలుగింటిలో ఏది కనిపించినా లెన్సు తీసేసి, దాన్నీ డబ్బానీ చేత్తో పట్టుకుని ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రేపు చూద్దాంలే అన్న మాట కంటి విషయంలో పనికిరాదు.

మళ్లీ ఆ బంగళా దగ్గరికి వద్దాం. నా కథంతా విని ఆ అమ్మాయి టీ గ్లాసు పక్కన పెట్టేసింది. "ఈ పెట్టె ఏది? ఏం రకం లెన్సులివి?" అని అడిగితే అక్కడ ఎవరికీ తెలియదు. అసిస్టెంటు డైరెక్టరు విసుక్కున్నాడు, ఇప్పుడు తీస్తే మళ్లీ పెట్టడానికి ఎంతసేపని. అమ్మాయి బిక్కమొహం వేసింది. తొలిసారి పేరు పడే వేషం, పోతే మళ్లీ వస్తుందా? పక్కనే బీడీ కాల్చుకుంటున్న కెమెరామేన్ మాత్రం తాపీగా అన్నాడు. "లాంగ్ షాట్లో కళ్లెవరికి కనబడతాయయ్యా? క్లోజప్పులు ముందు లాగించేద్దాం. తర్వాత అమ్మాయి లెన్సులు తీసేస్తుంది."

అంతే! పన్నెండున్నరకల్లా క్లోజప్పులు అయిపోయాయి. తెల్లార్లూ దయ్యం తన సొంత కళ్లతోనే మెట్లు దిగింది. ఎవరూ పోల్చుకోలేదు.

మర్నాడు పొద్దున పదింటికి ఫోన్ చేసింది. "కండ్లు మంచిగనే ఉన్నయ్ సార్. రాత్రి తీసి పారేసిన. రేపు డాక్టర్‌కు సూపెట్టుకున్నంకనే కొత్తయి పెట్టుకుంట అని చెప్పిన. సరే అన్నరు."

అడిగితే సరే అంటారు. అడగాలని తెలియకే ఇన్ని కళ్లు ఎర్రబడుతున్నాయి. వేషం దయ్యానిదైనా, దేవతదైనా... కన్ను మాత్రం మనిషిదే కదండీ!